మలివయసు సేవలో దొరికిన మహాభాగ్యం – ఠక్కర్ బాపా జీవిత విశేషాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విశ్రాంతి ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తాం. తీరా రిటైరై ఇంట్లో కూర్చుంటే నాలుగు నెలలు తిరక్కుండానే పొద్దు గడవడం లేదంటాం. మన వసతి గృహంలో చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన తొలి తరం పూర్వ విద్యార్థులు ఇప్పుడు ఒకరి తరువాత ఒకరుగా పదవీ విరమణ చేస్తున్నారు. పూర్వ విద్యార్థులు ఎక్కడ కలిసినా మాట ఇటే మళ్లుతోంది. ఇక చేయాల్సిందేమిటి? పెన్షన్ వస్తోంది, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు, ఒంట్లో ఓపిక ఇంకా ఉంది. ఈ ఓపికను ఏం చేసుకోవాలి?

ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన ఒక మహనీయుణ్ణి ఈ వార్షికోత్సవ సంచికలో స్మరించుకోదలిచాం. ఆయన పేరు అమృతలాల్ విఠల్‌దాస్ ఠక్కర్. దేశమంతా ఆయన్ను ఠక్కర్ బాపా అని పిలిచింది. గుజరాతీలో బాపా అంటే తండ్రి, పెద్దాయన. సొంత బిడ్డలు లేని మనిషి వేలాది మందికి బాపా ఎలా అయ్యాడు? నలభై దాటాక మొదలుపెట్టిన సేవ ఆయనకు ఏమిచ్చింది? హాస్టలు పిల్లలకూ, హాస్టలు దాటి వెళ్లిన పెద్దలకూ ఆ కథ పనికొస్తుందని మా నమ్మకం.

బాల్యం, చదువు

ఠక్కర్ 1869 నవంబరు 29న కాఠియావాడ్‌లోని భావ్‌నగర్‌లో లోహాణా కుటుంబంలో పుట్టారు. గాంధీజీ పుట్టింది కూడా ఆ సంవత్సరమే, ఆ ప్రాంతమే. తండ్రి విఠల్‌దాస్, తల్లి మూలీబా. కలిగిన కుటుంబం కాదు. అయినా పదిమందికి పనికొచ్చేలా బతకాలన్న బుద్ధి మాత్రం ఆయనకు తండ్రి నుంచే అబ్బింది. పుణెలో సివిల్ ఇంజినీరింగ్ చదివి 1890లో ఎల్.సి.ఇ. పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో అది చాలా గౌరవమైన చదువు.

ఇంజినీరు ఉద్యోగం

చదువయ్యాక దాదాపు పాతికేళ్లు ఆయన ఇంజినీరుగానే బతికారు. పోర్‌బందర్ సంస్థానంలో పనిచేశారు. సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా రైలుమార్గం నిర్మాణంలో పనిచేశారు. తిరిగొచ్చాక సాంగ్లీ సంస్థానంలో చీఫ్ ఇంజినీరయ్యారు. గోపాలకృష్ణ గోఖలేతోనూ, వితంతువుల చదువు కోసం పాటుపడిన ధోండో కేశవ్ కార్వేతోనూ పరిచయం అక్కడే కలిగింది. మంచివాళ్లతో స్నేహం వెంటనే పండదు గానీ, విత్తనం మాత్రం లోపల పడుతుంది.

ఆ తరువాత బొంబాయి మునిసిపాలిటీలో ఇంజినీరుగా చేరారు. నగరంలోని చెత్తాచెదారం ఊరు దాటించే పనిని పర్యవేక్షిస్తూ, ఆ చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల బస్తీలు చూశారు. ఊరంతా శుభ్రం చేసేవాళ్ల ఇళ్లు మురికి మధ్యన ఉన్నాయి. జీతం చేతికి రాకముందే వడ్డీవాడి ఖాతాలోకి పోయేది. వాళ్ల పిల్లలకు బడి లేదు. అందరు అధికారుల్లా చూసి తలతిప్పుకుని పోవడం ఆయన వల్ల కాలేదు. అప్పుల ఊబిలోంచి కార్మికులను బయటపడేసేందుకు సహకార సంఘం, వాళ్ల పిల్లలకు చదువు వంటి పనులు ఆఫీసు వేళలు పోగా మిగిలిన సమయంలో మొదలుపెట్టారు. విఠల్ రామ్‌జీ షిండే 1906లో స్థాపించిన అణగారిన వర్గాల సేవాసంస్థ పని కూడా ఆయన్ను ఇటు లాగింది.

మనం గమనించాల్సింది ఇక్కడ ఒకటుంది. ఆయన ఒక్కరోజున ఉన్నట్టుండి అన్నీ వదిలేసిన మనిషి కాదు. ఉద్యోగం చేస్తూనే వారానికి కొన్ని గంటలు ఇచ్చి చూసుకున్నారు. ఆ పనిలో తన మనసు నిలుస్తుందో లేదో తేల్చుకున్నారు. ఆ తరువాతే పెద్ద అడుగు వేశారు.

నలభై అయిదో ఏట మలుపు

1914 నాటికి ఆయన వయసు నలభై నాలుగు నిండింది. భార్య చనిపోయారు, పిల్లలు లేరు. హోదా ఉంది, జీతం ఉంది. ఇంటికి వెళితే మాత్రం నాలుగు గోడలే. అలాంటి స్థితిలో మనిషి తన దుఃఖంలో తానే ముడుచుకుపోవచ్చు, లేదా తలుపు తీసుకుని బయటికి రావచ్చు. ఠక్కర్ తలుపు తీశారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, గోఖలే 1905లో పుణెలో స్థాపించిన భారత సేవక సమాజంలో సభ్యుడిగా చేరారు. జీతం స్థానంలో సంస్థ ఇచ్చే కొద్దిపాటి జీవనభృతి వచ్చింది. మరుసటి ఏడాదే గోఖలే కన్నుమూసినా ఠక్కర్ వెనుదిరగలేదు.

అందరి జీవితాలూ ఒక దరికి చేరే వయసులో ఆయన కొత్త జీవితం మొదలైంది. ఇంజినీరుగా పనిచేసింది ఇరవై నాలుగేళ్లయితే, సేవకుడిగా ముప్పై ఏడేళ్లు పనిచేశారు. అంటే జీవితంలో పెద్ద భాగం రెండో భాగమే అయింది.

ఒక ఉత్తరం చేసిన పని

1915 మే నెలలో గాంధీజీ అహ్మదాబాదు దగ్గర కోచరబ్‌లో ఆశ్రమం పెట్టారు. కొద్ది నెలలకే ఠక్కర్ నుంచి ఆయనకు ఒక ఉత్తరం వెళ్లింది. అంటరానివారుగా ముద్రపడిన ఒక నిజాయితీగల కుటుంబం ఆశ్రమంలో చేరదలిచింది, చేర్చుకుంటారా అని అందులో అడిగారు. బొంబాయిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన దూదాభాయి, ఆయన భార్య దానీబెన్, వారి చిన్నారి లక్ష్మి ఆ విధంగా ఆశ్రమానికి వచ్చారు.

తరువాత జరిగింది చరిత్రే. బావి దగ్గర నీళ్లు తోడేవాడు తిట్లకు లంకించుకున్నాడు. విరాళాలిచ్చే ధనికులు చేతులు ముడుచుకున్నారు. ఆశ్రమంలోనే కొందరికి మనసొప్పలేదు. డబ్బు నిండుకుని, ఊళ్లోని దళితవాడకు మారిపోదామని గాంధీజీ అనుకుంటున్న సమయంలో ఒక వ్యక్తి కారులో వచ్చి, పేరు బయటపెట్టకుండా 13,000 రూపాయలు ఇచ్చి వెళ్లారు. ఆశ్రమం నిలిచింది. సమానత్వం గురించి మాట్లాడేవాళ్ల నిజాయితీకి ఆ ఉత్తరం మొదటి పరీక్ష పెట్టింది. ఆ పరీక్ష పెట్టినవారు అంతకు కొద్దికాలం ముందు వరకు మునిసిపాలిటీ ఇంజినీరు.

పాత విద్య, కొత్త పని

ఆ తరువాత కరువెక్కడుంటే ఠక్కర్ అక్కడున్నారు. 1918లో ఖేడా జిల్లాలో పంట నష్టంపై విచారణకు వెళ్లిన భారత సేవక సమాజం బృందంలో ఆయన ఒకరు. 1920 ప్రాంతంలో ఒరిస్సాలోని పూరీ జిల్లాలో కరువు వస్తే అక్కడికి వెళ్లి ప్రజల స్థితిగతులు దేశానికి తెలియజేశారు.

కరువు సాయం అంటే గంజి పోయడం ఒక్కటే కాదు. ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారో లెక్క రాయాలి. ధాన్యం ఏ దారిన చేరుతుందో చూడాలి. కూలిపని కల్పించడానికి ఏ పని చేపట్టాలో అంచనా వేయాలి. వచ్చిన ప్రతి పైసాకూ లెక్క చెప్పాలి. ఇవన్నీ ఇంజినీరుకు చేతనైన పనులే. పాతికేళ్లు నేర్చుకున్నదేదీ వృథా పోలేదు. రోజూ డైరీ రాయడం, సమయం తప్పకపోవడం, లెక్క తేలేదాకా వదలకపోవడం ఆయనకు చివరిదాకా నిలిచిన అలవాట్లు.

పదవీ విరమణ చేసిన మన పెద్దలు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. మాకేం తెలుసు, మేమేం చేయగలం అని చాలామంది వెనక్కి తగ్గుతారు. బ్యాంకులో పనిచేసినవారికి లెక్కలు తెలుసు. కరెంటు ఆఫీసులో చేసినవారికి వైరింగు తెలుసు. నర్సుగా చేసినవారికి జ్వరం ఎప్పుడు ప్రమాదమో తెలుసు. పాత విద్యకు కొత్త పని దొరికినప్పుడు మనిషికి మళ్లీ తన విలువ తనకు తెలుస్తుంది. రిటైర్మెంటుతో పోయిందనుకున్న గౌరవం అక్కడ దొరుకుతుంది.

భిల్లుల మధ్య

గుజరాతులోని పంచమహల్ జిల్లాలో భిల్లులు ఎక్కువ. కరువు పనుల్లో వాళ్ల బతుకును దగ్గరగా చూసిన ఠక్కర్ 1922లో దాహోద్ కేంద్రంగా భీల్ సేవా మండల్ స్థాపించారు. అప్పటికి ఆయన వయసు యాభై రెండు. బడులు, పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఆశ్రమాలు, మందుల కేంద్రాలు, సహకార సంఘాలు నడిపారు. అడవి పల్లెల మధ్య నడిచి తిరిగేవారు.

నేడు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన సంక్షేమ శాఖ నడిపే ఆశ్రమ పాఠశాలలను మనం చూస్తున్నాం. పిల్లలకు అన్నం, పడక, చదువు ఒకేచోట ఇచ్చే ఈ పద్ధతిని ప్రభుత్వాలు చేపట్టక ముందే ఠక్కర్ వంటి స్వచ్ఛంద సేవకులు నడిపి చూపించారు. మన తెలుగునాట కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు నిమ్న వర్గాల పిల్లల చదువుకు ఎంతగా శ్రమించారో మనకు తెలిసిందే. ఇప్పుడు మనం పడుకుంటున్న గది, తింటున్న అన్నం వెనుక ఇలాంటి వారి దారి ఉంది.

అరవై దాటాక దేశయాత్ర

1932 సెప్టెంబరులో పుణె ఒప్పందం తరువాత అస్పృశ్యతా నివారణ కోసం ఒక అఖిల భారత సంఘం ఏర్పడింది. ఘనశ్యామ్‌దాస్ బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ ప్రధాన కార్యదర్శి. తరువాత దానికే హరిజన సేవక సంఘం అని పేరు వచ్చింది. ఆ పదాన్ని చాలామంది అవమానంగా భావించినందున నేడు మనం వాడటం లేదు. చరిత్రలో సంస్థ పేరు గనుక మాత్రమే ఇక్కడ రాస్తున్నాం.

1933 నవంబరులో వార్ధా నుంచి గాంధీజీ దేశయాత్ర మొదలైంది. తొమ్మిది నెలలు, 12,500 మైళ్లు, దాదాపు ఎనిమిది లక్షల రూపాయల నిధి. ఆ డిసెంబరులో యాత్ర మన ఆంధ్రకూ వచ్చింది. రైళ్లు, సభలు, చందాల లెక్కలు చూసినవారిలో ముఖ్యుడు ఠక్కర్. దారిలో నల్లజెండాలు చూశారు, రాళ్లు చూశారు. 1934 జూన్‌లో పుణెలో బాంబు దాడి జరిగింది. ఆ యాత్రలోనే ఆయనకు అరవై నాలుగేళ్లు నిండాయి.

అంబేడ్కర్ అడిగిన ప్రశ్న

మహనీయుల జీవితాలు రాసేటప్పుడు పూలు మాత్రమే చల్లి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. 1932 నవంబరులో డాక్టర్ అంబేడ్కర్ లండన్‌కు వెళుతూ ఓడలోంచి ఠక్కర్‌కు ఒక సుదీర్ఘమైన లేఖ రాశారు. వ్యక్తులను బాగుచేసే చిన్న చిన్న పనులు చాలవని, బావి, బడి, దారి వంటి పౌరహక్కుల కోసం సంఘం పోరాడాలని, ఉద్యోగాల్లో సమాన అవకాశం ఇప్పించాలని, అన్ని కులాలవారూ కలిసి మెలిసి ఉండేలా చూడాలని కోరారు. పనిచేసే కార్యకర్తలు కూడా వీలైనంతవరకు అణగారిన వర్గాల నుంచే రావాలని, వారికైతే అది జీతం పని కాక ప్రేమతో చేసే పని అవుతుందని సూచించారు. ఆ లేఖ అందినట్టుగా కూడా జవాబు రాలేదని ఆయన తరువాత 1945లో వచ్చిన తన గ్రంథంలో రాశారు.

సంఘం అంబేడ్కర్ చెప్పిన దారిన నడవలేదు. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు, బడులు, బావుల మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. ఆ పని వల్ల ఎందరో పిల్లలు చదువుకున్న మాట నిజం. సేవ చేసేవారు ఒక పక్క, చేయించుకునేవారు ఒక పక్క అన్న తేడా మిగిలిపోయిన మాట కూడా నిజం. దానం అందుకోవడానికీ హక్కు పొందడానికీ మధ్య దూరం ఎంతో మన హాస్టలు పిల్లలకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

అంబేడ్కర్ ఆనాడు అడిగిన కార్యకర్తలు ఎవరు? ఈ గదుల్లో పెరిగి, ఈ కష్టం తెలిసి, ఈ పిల్లల్లో తమ బాల్యాన్ని చూసుకోగల మనుషులు. అంటే మన పూర్వ విద్యార్థులే. ఠక్కర్ నుంచి మనం మలివయసులోనూ తరగని శ్రమను నేర్చుకోవాలి. అంబేడ్కర్ నుంచి ఆ శ్రమను ఎలా చేయాలో నేర్చుకోవాలి. సాయం చేయడానికి వచ్చే పెద్దలు జాలితో రాకూడదు, అన్నగా, అక్కగా, పక్కన కూర్చునే మనిషిగా రావాలి.

డెబ్బై దాటినా

1944 ఫిబ్రవరి 22న కస్తూర్బా నిర్బంధంలోనే కన్నుమూశారు. ఆమె పేరున గ్రామాల్లోని స్త్రీలు, పిల్లల కోసం స్మారక నిధి మొదలైంది. గాంధీజీ 75వ పుట్టినరోజు నాటికి 75 లక్షల రూపాయలు పోగుచేయాలని తలపెడితే కోటి దాటింది. ఆ ట్రస్టు కార్యదర్శి బాధ్యత తీసుకున్నది మళ్లీ ఠక్కరే. అప్పుడాయనకు 74 ఏళ్లు.

1946 చివర నౌఖాలీ ప్రాంతంలో మతకల్లోలాలు చెలరేగాయి. గాంధీజీ ఊరూరా కాలినడకన తిరుగుతుంటే, 77 ఏళ్ల ఠక్కర్ హైమ్‌చర్ గ్రామంలో మకాం వేసి బాధితుల మధ్య పనిచేశారు. 1947 ఫిబ్రవరిలో గాంధీజీ అక్కడికి చేరుకున్నారు. ఒకే ఏడాదిలో పుట్టిన ఆ ఇద్దరు వృద్ధులూ అలా బురదనేలల మీద కలుసుకున్నారు.

ఆ సంవత్సరమే మరో పెద్ద పని మీద పడింది. రాజ్యాంగ సభ సభ్యుడైన ఆయన, అస్సాం తప్ప మిగతా ప్రాంతాల్లోని గిరిజన ప్రదేశాలపై నియమించిన ఉపసంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ ఉపసంఘం పరిధిలో మన విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలు కూడా ఉన్నాయి. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే అయిదో షెడ్యూలు రూపొందడంలో ఆ నివేదిక పాత్ర ఉంది. 1948 అక్టోబరు 24న భారతీయ ఆదిమ జాతి సేవక సంఘం ఏర్పడింది. నెల్లూరు ప్రాంతంలో యానాదుల కోసం జీవితం ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు కూడా ఆ సంఘంలో పనిచేశారు.

1949లో ఠక్కర్‌కు ఎనభై ఏళ్లు నిండిన సందర్భంగా మిత్రులు ఒక అభినందన సంచిక వెలువరించారు. 1951 జనవరిలో, 81 ఏళ్ల వయసులో ఆయన తుదిశ్వాస విడిచారు. 1969లో శతజయంతి నాడు భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ముంబయి చెంబూరులోని ఠక్కర్ బాపా కాలనీ, చెన్నై త్యాగరాయనగర్‌లోని ఠక్కర్ బాపా విద్యాలయ నేటికీ ఆయన పేరు మోస్తున్నాయి.

ఆయనకు దక్కిందేమిటి

ఠక్కర్ దేశానికి ఏమిచ్చారో చెప్పుకున్నాం. దేశం ఆయనకు ఏమిచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఇల్లు ఖాళీ అయిన మనిషికి వేలమంది బంధువులయ్యారు. నలభై దాటాక ఎప్పుడూ చూడని భాషలు, కొండలు, మనుషులు ఆయనకు పాఠశాల అయ్యాయి. పొద్దున లేవడానికి ఒక కారణం ఎనభై ఏళ్ల వయసులోనూ మిగిలింది. ఆస్తి ఏదీ మిగల్చకుండానే, పేరు చెబితే లేచి నిలబడే మనుషులను మిగుల్చుకున్నారు.

ఇది గొప్పవాళ్లకే దక్కే భాగ్యమని అనుకోనక్కర్లేదు. అమెరికాలోని బాల్టిమోర్ వంటి నగరాల్లో 1990ల నుంచి ఒక కార్యక్రమం నడిపారు. అరవై దాటినవాళ్లు వారానికి సుమారు 15 గంటలు ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి పిల్లల చేత చదివించేవారు. వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ పరిశోధకులు పోల్చి చూశారు. వెళ్లినవాళ్లలో నడక, కదలిక పెరిగాయి, పలకరించే మనుషులు పెరిగారు. ఆరోగ్యం బాగున్నవాళ్లే సేవకు ముందుకొస్తారన్న మాటలోనూ కొంత నిజం ఉంది, కాబట్టి సేవను సర్వరోగ నివారిణి అనలేం. కానీ టీవీ ముందు కూర్చున్న సాయంత్రానికీ, పదిమంది పిల్లల మధ్య కూర్చున్న సాయంత్రానికీ తేడా తెలియడానికి పరిశోధన అక్కర్లేదు.

మన వంతు

మన వసతి గృహంలో సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది. లెక్కలు, ఇంగ్లిషు, సైన్సులో దారి చూపేవారి కోసం పదో తరగతి పిల్లలు ఎదురుచూస్తుంటారు. పూర్వ విద్యార్థులైన పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పెద్ద మొత్తాలు ఇవ్వనక్కర్లేదు, శాలువాలు అక్కర్లేదు. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, వారానికి ఒక్క సాయంత్రం, రెండు గంటలు ఇవ్వండి. ఠక్కర్ కూడా ఉద్యోగం చేస్తూ మిగిలిన గంటలతోనే మొదలుపెట్టారు. వస్తానన్న రోజు తప్పకుండా రండి, ఎందుకంటే రాని పెద్దమనిషి కోసం పుస్తకం తెరిచి కూర్చున్న పిల్లవాడు మరోసారి ఎవరినీ నమ్మడు.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మరో మాట. మీ దగ్గరకు వచ్చే పెద్దలను సందేహాలు అడగండి, వాళ్ల కాలం కబుర్లు అడగండి. మీరు అడిగే ప్రతి ప్రశ్నా వాళ్ల వయసులోంచి ఒక రోజును తగ్గిస్తుంది. ఏదో ఒకనాడు మీరూ జుట్టు నెరిసి ఈ గేటు దగ్గరకు వస్తారు. ఆనాడు లోపల మీ కోసం ఎదురుచూసే పిల్లలు ఉండాలని మా కోరిక.